చెయ్యెత్తినవాళ్ళు

యొత్సుగి, టోక్యో
జూన్

ఒరేయ్ యసు,

ఉత్తరమంటే మొదట వాతావరణం గురించి రాయాలని మా ఆవిడ కినుయే బతికున్నప్పుడు పోరేది. వాన పడుతోంది. సరిపోయిందా?

నువ్వు పంపిన వేరుశనక్కాయలు అందాయి. వేయించింది నువ్వా, నీ పెళ్ళాం రిత్సుకోనా? నువ్వే అయితే ఇంకెప్పుడూ పొయ్యి దగ్గరికి వెళ్ళకు. సగం మాడ్చావు. అయినా తిన్నాను.

ఫోను చెయ్యమని చీటీ పెట్టావు. చెయ్యను. ఫోనులో మాట గాలికి పోతుంది, రేపు నేననలేదంటావు. కాగితం మీద ఉంటే బుకాయించడానికి వీలుండదు. చదువుకున్నవాళ్ళు రాసే పెద్ద అక్షరాలు నాకు రావని నీకు తెలుసు. చిన్నప్పుడు అకితాలో నేను బడికి పోయిన రోజులకంటే ఇంటి కప్పు మీద మంచు ఎత్తిపోసిన రోజులే ఎక్కువ. చిన్నపిల్లల అక్షరాలతోనే రాస్తాను, నువ్వు పెద్దమనిషిలా చదువుకో.

మొన్న ఆదివారం నువ్వు నడిపే మైదానంలో బొమ్మ తుపాకుల ఆట చూశావుగా! వెదురు పొద వెనకున్నవాళ్ళు, మట్టి గుట్ట మీద బోర్లా పడుకున్నవాడు, జెండాకి కాపలా ఉన్న ఆ లావాటి బ్యాంకు గుమాస్తా, అందరూ చెయ్యెత్తి "తగిలింది!" అని అరుచుకుంటూ డేరాలోకి పోయారు. నా వయసులో ఎవడు కొడతాడురా అలాగ? మన లేతు మిషన్ల షెడ్డులో పనిచేసినవాళ్ళలో సగంమంది పోయారు, మిగిలినవాళ్ళు పార్కులో పావురాలకి గింజలు వేస్తున్నారు.

కొత్త చట్టం వచ్చి ఈ తుపాకుల స్ప్రింగులు మెత్తబరచమన్నప్పుడు కుర్రాళ్ళంతా ఇంట్లో పీనుగ లేచినట్టు ఏడ్చారు. నేను ఏడవలేదు. బలం తగ్గితేనేం, గుండు తిన్నగా పోవాలి గానీ. కొట్లో కొన్ననాడు ఆ తుపాకీ బ్యాటరీ పెట్టి ఆడుకునే బొమ్మ. ఇవాళ పైన డొక్కు తప్ప లోపల కొట్టువాడిది ఏమీ మిగల్లేదు. పళ్ళచక్రాల కింద పల్చటి బిళ్ళలు వేశాను, మోటారు పిల్లి గురక పెట్టినట్టు తిరుగుతుంది. లోపలి గొట్టాన్ని పాలిష్ ముద్దతో రుద్ది రుద్ది అద్దం చేశాను. గుండుకి వెనక్కి తిరుగుడు ఇచ్చే గోరంత రబ్బరు ముక్క ఉంటుందే, దాన్ని నాలాగ కోసేవాడు ఇంకా పుట్టలేదు. నీకు నేర్పాను, నీకూ రాలేదు.

ఒక్కడు మాత్రం ఆట పాడుచేశాడు. చేపల కొట్లో పనిచేసే ఆ ఇగరాషి. వాడి ఛాతీకి గురిపెట్టి కాల్చాను. మళ్ళీ కాల్చాను. దున్నపోతు మీద వాన కురిసినట్టు నిలబడ్డాడు. ఈ ఆటలో ప్లాస్టిక్ గుండు మచ్చ పెట్టదు, తీర్పు చెప్పేవాడు లేడు. ఎవడికి తగిలితే వాడే ఒప్పుకుని బయటికి పోవాలి. మనిషి మాటే ఆట. ఒప్పుకోనివాడు దొంగ. వాడి సంగతి చూడు.

ఇంకో చికాకు. డెబ్భై దాటినవాళ్ళకి కంటి పరీక్ష ఊరికే చేస్తామని వార్డు ఆఫీసు నుంచి కార్డు వచ్చింది. మా వీధి స్నానాల ఇంట్లో గల్లా దగ్గర కూచుని డబ్బులు తీసుకునే హరుయే అది చూసింది. "తాతా, వెళ్ళవయ్యా, మొన్న స్తంభానికి దణ్ణం పెట్టావు" అంటుంది. ఆ స్తంభమే నాకు అడ్డం వచ్చిందన్నాను. అంత దూరంలో మనుషుల్ని కొడుతున్నవాడికి కంటి పరీక్షేమిటి? ఆ కార్డుతో బల్ల కాలు కింద ఎత్తు పెట్టాను. ఏ ఆదివారమైతే నా తుపాకీకి ఒక్కడూ చెయ్యెత్తడో, ఆ మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి పోతానని హరుయేకి మాటిచ్చాను. నీకూ ఇస్తున్నాను. ఈ జన్మలో ఆ అవసరం రాదు.

తోమెజి


యచిమత, చిబా
జూలై

తోమెజి అన్నగారికి,

ఇక్కడ చేలల్లో వేరుశనగ పూత మొదలైంది. మీరు మాడ్చానన్న కాయలు వేయించింది రిత్సుకో. మీ ఉత్తరం తనే ముందు చదివింది. ఈసారి వచ్చినప్పుడు మీ పళ్ళెంలో కూర తగ్గితే నన్నడగొద్దు.

అన్నా, ఒక మాట అడగనా? మీ ఉత్తరంలో వరసలు కుడివైపు అంచుకి వచ్చేసరికి కిందికి జారి, ఒక్కోచోట కాగితం దాటి పోయాయి. చివరి మాటలు కొన్ని ఊహించుకుని చదివాను. మీ రాత ఎప్పుడూ వంకరే, అది కొత్త కాదు. కానీ షెడ్డులో మీరు గీసిన గీత స్కేలు పెట్టినట్టుండేది. పరీక్షకి డబ్బు అడగరు, నొప్పి ఉండదు. నేను వచ్చి తీసుకెళ్తాను. దారిలో మీకిష్టమైన ఈల్ చేప తిందాం.

ఇగరాషి మంచివాడు. మాట మీద నిలబడే మనిషి. అతని గురించి అలా అనుకోకండి. అంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

ఒక్కడూ చెయ్యెత్తని ఆదివారం అన్నారు చూడండి. అది నవ్వులకి అన్నారా, నిజంగానే అన్నారా? నిజమైతే మళ్ళీ ఒకసారి రాయండి.

యసుహికో


యొత్సుగి, టోక్యో
ఆగస్టు

ఒరేయ్ యసు,

ఎండ. చెమటకి కాగితం చేతికి అంటుకుంటోంది. వరసలు జారిపోవడానికి అదీ ఒక కారణం. చదువుకున్నవాడివి, ఊహించుకుని చదవడం నీకేం కష్టం?

నేను నవ్వులకి మాటివ్వడం ఎప్పుడైనా చూశావా? నిజమే. కాగితం మీద ఇంకోసారి రాస్తున్నాను. ఒక్కడూ చెయ్యెత్తని ఆదివారం వస్తే మర్నాడు పోతాను. రాకపోతే పోను. ఈల్ చేప మాత్రం ఎప్పుడైనా తింటాను.

నువ్వు మంచివాడన్న నీ ఇగరాషి సంగతి ఇప్పుడు విను. పోయిన ఆదివారం నువ్వు అన్నం వడ్డించే చోట ఉన్నావు, నీకు కనబడలేదేమో. పాత బస్సు డొక్కు పక్కన వాడికి ఎదురుపడ్డాను. వాడి ముక్కు మీద చెమట కూడా కనబడుతోంది. అంత దగ్గర. నొక్కాను. కదల్లేదు. ఆట ఆపించి అడిగాను.

"ఏరా, తగల్లేదా?"

"లేదు తాతగారూ. పక్కనుంచి పోయాయి."

"పక్కనుంచా? ఇంత దూరంలో పక్కనుంచా? నా తుపాకీ గొట్టం నీ నాలుకలా వంకర అనుకున్నావా?"

"గొట్టం మంచిదే. మీరు పట్టుకున్న వైపే వేరు. నేను ఇక్కడుంటే మీరు అక్కడ కాల్చారు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా నేల చూపులు చూశారు. ఆ బ్యాంకు గుమాస్తా "పోనీలే ఇగరాషీ, ఒప్పుకోరాదూ" అని గొణిగాడు. అందరికీ తెలుసన్నమాట వాడు దొంగని! ఇగరాషి ఏమన్నాడో తెలుసా? "తగలనిది తగిలిందని చెప్పడం కూడా దొంగతనమే" అన్నాడు. ఎదురు నీతులు. నేను అందరి ముందూ దొంగా అని తిట్టి వచ్చాను.

ఇప్పుడు నువ్వే తేల్చు. వాడు వచ్చే మైదానానికి నేను రాను. నువ్వు షెడ్డులో చేరిన కొత్తలో లేతు మీద వేలు తెగ్గోసుకోబోతే చెయ్యి లాగినవాణ్ణి నేను. అది గుర్తు చెయ్యను. అయినా గుర్తుంచుకో.

స్నానాల ఇంట్లో మొన్న ఒకడి పీట మీద కూచున్నాను. పీట మీద వాడు కూడా ఉన్నాడు. అందరూ నవ్వారు. సబ్బు నురగలో ఎవడికి కనబడుతుంది?

తోమెజి


యచిమత, చిబా
సెప్టెంబరు

తోమెజి అన్నగారికి,

ఇగరాషిని రావొద్దని చెప్పాను. తన సామాను సంచిలో సర్దుకుని, డేరా తాళ్ళు బిగించడానికి ఎప్పటిలాగే సాయం చేసి, రిత్సుకోకి నమస్కారం పెట్టి వెళ్ళాడు. రిత్సుకో అతని వెంట గేటు దాకా వెళ్ళింది.

తుఫాను వచ్చి వెదురు పొద సగం వాలిపోయింది. వచ్చే నెల ఆటకి పని చాలా ఉంది.

అన్నా, వచ్చే ఆటలో కుర్రాళ్ళు గట్టిగా ఆడతామంటున్నారు. అలాంటి రోజున ఎంత పెద్ద ఆటగాడికైనా ఒక్క దెబ్బా పడకపోవచ్చు. అందులో సిగ్గుపడేదేమీ లేదు. అలా జరిగితే మీరు కాగితం మీద రాసిన మాట నిలబెట్టుకోవాలి. మీ ఆగస్టు ఉత్తరం నా దగ్గర దాచాను.

యసుహికో


యొత్సుగి, టోక్యో
అక్టోబరు

ఒరేయ్ యసు,

ఏమన్నావు? ఒక్క దెబ్బా పడకపోవచ్చా? ఏదీ, ఇప్పుడు రాయి!

పొద్దున్న ఆటలో నీ జోస్యం నిజమయ్యేట్టే ఉందనుకున్నాను. ఒక్కడూ చెయ్యెత్తలేదు. అబద్ధమెందుకు, కళ్ళ డాక్టరే గుర్తొచ్చాడు. డేరాలో కూర అన్నం ముందు పెట్టుకుని తినకుండా కూచున్నాను. నువ్వు వచ్చి నా ఎదురుగా కూచున్నావు. "ఏం అన్నా?" అన్నావు. "చెయ్యి పోయిందిరా, ఇంక ఇంటికి పోయి పడుకోవడమే" అన్నాను. నువ్వు నా మొహం చూశావు. తర్వాత లేచి కుర్రాళ్ళ దగ్గరికి పోయావు, తిండి అయిందో లేదో అడగడానికి కాబోలు.

మధ్యాహ్నం ఆటలో ఇంక చూడు! పొద వెనకాల ఒకడు, బస్సు దగ్గర ఒకడు, ఎటు తిప్పితే అటు. "తగిలింది! తగిలింది!" కాకుల గుంపు లేచినట్టు. ఆ తర్వాత తిన్న అన్నం ఒంటికి పట్టింది. ఎండ పడ్డాక రబ్బరు కాస్త మెత్తబడి ఉంటుంది, అదీ పొద్దున్నటి సంగతి. ఆ మాత్రం నాకు తట్టకపోవడమే వింత.

నీ పెళ్ళాం ఎందుకో నా వైపు చూడటం లేదు. మాడిన కాయల కోపం ఇంకా పోలేదా? వెళ్ళేటప్పుడు మెట్టు దగ్గర పడ్డానని నవ్వుకుందేమో. ఆ మెట్టు పోయిన నెల అక్కడ లేదు.

వార్డు ఆఫీసు కార్డుకి గడువు దాటిపోయిందని హరుయే సణుగుతోంది. దాటనీ.

ఇప్పుడొక కొత్త పని మీద ఉన్నాను. గుండుని గొట్టంలోకి తోసి గాలి వదిలే చిన్న మూతి ఉంటుందే, కొట్లో దొరికేది ప్లాస్టిక్‌ది. దాన్ని ఇత్తడితో నేనే ఇంట్లో లేతు మీద తిప్పుతున్నాను. గాలి ఒక్క పిసరు కూడా పక్కకి పోకూడదు. డిసెంబరు ఆటకి పెడతాను. అప్పుడు చూద్దువుగాని.

తోమెజి


యొత్సుగి, టోక్యో
డిసెంబరు

నెమొతో యసుహికో గారికి,

చలి ఎక్కువగా ఉంది. మీరు, మీ శ్రీమతి క్షేమమని తలుస్తాను.

ఇలాగే కదా రాయాలి పరాయివాళ్ళకి? కినుయే నేర్పింది.

ఆదివారం ఆట నుంచి వచ్చాక తుపాకీ దాచేముందు గుండ్లు నింపే మ్యాగజీన్ ఖాళీ చేస్తాను. చెయ్యకపోతే లోపలి స్ప్రింగు అలిసిపోతుంది. ఎప్పుడూ అడుగున మిగిలినవి నాలుగు రాలతాయి. ఈసారి అన్నం గిన్నెలోకి వంపాను. రాలుతూనే ఉన్నాయి. గిన్నె నిండి చాప మీద దొర్లాయి. పొద్దున్న నేను నింపినవన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా బయటికి పోలేదు.

తుపాకీ విప్పాను. నేను తిప్పిన ఇత్తడి మూతి వెంట్రుకంత పొడుగు. గుండు లోపలికి దిగే దారికి అడ్డం పడింది. చేత్తో తడిమితే తెలిసింది. కంటితో చూసి కొలిచినప్పుడు తెలియలేదు. ఎలక్ట్రిక్ తుపాకీకి గుండు ఉన్నా లేకపోయినా ఒకటే, మోటారు తిరుగుతుంది, మోత వస్తుంది. మోత కాస్త బోలుగా ఉందనుకున్నాను, కొత్త ఇత్తడి కదా అని సరిపెట్టుకున్నాను. ఆట ముందు అందరి తుపాకుల బలం మిషను మీద కొలుస్తారు గదా. నాదీ కొలిచి ఉంటే అప్పుడే తెలిసేది. "మీదే కదా అన్నా" అని కొలవకుండానే కొలిచినట్టు గుర్తు టేపు అంటించారు తమరు.

కనక ఆరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను కాల్చింది గాలి. ఆ గాలికి చెయ్యెత్తారు. బస్సు దగ్గరివాడు "అబ్బా, మెడ మీద తగిలింది" అని రుద్దుకున్నాడు కూడా. మంచి నటుడు.

మర్నాడు కొఇవా బజారుకి వెళ్ళాను. చేపల కొట్లో ఇగరాషి నన్ను చూసి, "రండి తాతగారూ, కానాగంతలు తాజాగా ఉన్నాయి" అన్నాడు. ఏమీ జరగనట్టు. నేను నడుం వంచి తల దించాను. అది రాస్తున్నాను, ఎందుకంటే జన్మలో ఎవరి ముందూ అంత దించలేదు.

"లేవండి, జనం చూస్తున్నారు."

"చూడనీ. నిన్ను దొంగా అన్నప్పుడూ చూశారు."

"అయిపోయింది లెండి."

"నీకు ఒక్కసారైనా తగిలిందా?"

"తగిలితే ఎందుకు దాస్తాను?"

"మిగతావాళ్ళకో?"

వాడు కత్తి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడిచాడు. "యసు గారు చెప్పొద్దన్నారు" అన్నాడు.

"వాడు నిన్ను వెళ్ళగొట్టాడు. వాడి మాట ఇంకా మోస్తున్నావా?"

"వెళ్ళగొట్టడం ఆయన పని. మాట నాది."

"అయితే నువ్వు చెప్పకు. నేను చెప్తాను, కాకపోతే తల అడ్డంగా ఊపు. నా తుపాకీ మోత విని చెయ్యెత్తమని యసు అందరికీ చెప్పాడు."

వాడు తల ఊపలేదు. కానాగంతలు కాగితంలో చుట్టి ఇచ్చాడు, డబ్బు తీసుకోనన్నాడు. అక్కడే పెట్టి వచ్చేశాను. ఎవరి జాలీ వండుకుని తినే ఉద్దేశం నాకు లేదు.

ఇది ఎప్పటినుంచి జరుగుతోందో రాయండి. అబద్ధం రాయకండి. నా ఆగస్టు ఉత్తరం దాచానన్నారు, నా దగ్గర మీవన్నీ ఉన్నాయి. అన్నిట్లోనూ నా కళ్ళ గురించి అడిగారు. ఒక్కదాంట్లోనూ చెప్పవలసింది చెప్పలేదు.

సుగవారా తోమెజి


యచిమత, చిబా
జనవరి

తోమెజి అన్నగారికి,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు రాసి కొట్టేశాను. మీరు అడిగినదే రాస్తాను.

వదిన పోయిన తర్వాతి వసంతం నుంచి. మీరు చాలా రోజుల తర్వాత మొదటిసారి వచ్చారు. గడ్డం పెరిగిపోయి, కోటు ఒంటి మీద వేలాడుతోంది. ఆరోజు ఎన్ని ఆటలు ఆడినా మీ గుండు ఒక్కరికీ తగల్లేదు. మీరు తుపాకీని నా బల్ల మీద పెట్టి, "ఎవడికైనా ఇచ్చెయ్యరా, కినుయే ఉంటే తీసుకెళ్ళి పాతసామాన్లవాడికి వేసేది" అన్నారు. ఆ తర్వాత ఏం చేసుకుంటారో అని భయం వేసింది. అన్నం మానేశారని అప్పటికే విన్నాను. ఆఖరి ఆటకి ముందు వాన వచ్చి అందరూ డేరా కింద చేరితే, మీరు బయట సిగరెట్టు కాలుస్తుండగా, నేనే చెప్పాను. అన్న తుపాకీ మోత మీ వైపు వినబడితే చెయ్యెత్తండి, ఈ ఒక్క ఆటకి అని. ఎత్తారు. మీరు ఆ సాయంత్రం రెండు పళ్ళేలు తిన్నారు.

ఒక్క ఆట అనుకున్నది ఆగలేదు. ఆపే రోజు రాలేదు. మీరు ప్రతిసారీ గడ్డం గీసుకుని, తుపాకీలో కొత్త ముక్క ఏదో పెట్టుకుని వచ్చేవారు.

జూన్‌లో మీరు ఆ మాట ఇచ్చినప్పుడు దారి దొరికిందనుకున్నాను. ఒక్క ఆదివారం ఎవరూ చెయ్యెత్తకుండా ఉంటే చాలు, మీరే డాక్టరు దగ్గరికి పోతారు. అక్టోబరులో అందరికీ చెప్పాను, ఇవాళ నిజంగా ఆడండి అని. పొద్దున్న ఆట అలాగే ఆడారు. మధ్యాహ్నం మీరు అన్నం ముట్టుకోకుండా కూచుని ఇంటికి పోయి పడుకుంటానన్నారు. నేను లేచి వెళ్ళి మళ్ళీ చెయ్యెత్తమన్నాను. తిండి గురించి అడగడానికి కాదు.

ఇగరాషి మొదటినుంచీ ఒప్పుకోలేదు. "ఆయన మీకు అన్న అయితే ఆయనకి నిజం చెప్పండి, నాచేత అబద్ధం ఆడించకండి" అన్నాడు. అతన్ని నేను పంపించాను.

క్షమించమని రాయడం లేదు. తిట్టండి. కానీ ముందు కళ్ళు చూపించుకోండి. కారు తీసుకుని వస్తాను. మీరు నాతో ఒక్క మాటా మాట్లాడక్కర్లేదు, వెనక సీట్లో కూచోండి.

యసుహికో


యొత్సుగి, టోక్యో
ఫిబ్రవరి

నెమొతో గారికి,

కారు అక్కర్లేదు. హరుయే గల్లా వాళ్ళాయనకి అప్పగించి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. దారంతా తిట్టింది. వినడానికి హాయిగా ఉంది, తను దాచి తిట్టదు.

అక్కడ ఒక గిన్నె లాంటి దాన్లో మొహం పెట్టమన్నారు. లోపల వెలుగు చుక్కలు వస్తాయట, చుక్క కనబడినప్పుడల్లా చేతిలో బొత్తాం నొక్కాలట. నేను కూచున్నాను. చాలాసేపు అయింది. ఆ నర్సు నా భుజం తట్టి, "తాతగారూ, నిద్రపోయారా? చుక్కలు వస్తున్నాయి, నొక్కండి" అంది. రావడం లేదమ్మా అన్నాను.

ఊరికే నొక్కుతూ కూచోవచ్చు. ఎవరికి తెలుస్తుంది? నొక్కలేదు. కనబడనిది కనబడిందని నొక్కడం నాకు చేతకాదు. అది మీ మైదానంలో నేర్పే విద్య.

కుడికన్ను ఇంక లేనట్టే. తుపాకీకి పెట్టే కన్ను. మధ్యలో సూది బెజ్జమంత చూపు మిగిలింది. దాన్లోంచే ఇగరాషి ముక్కు మీద చెమట చూశాను కాబోలు, వాడి మిగతా మనిషి ఎటున్నాడో చూడలేదు. ఎడమకంటికి కింది సగం పోయింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుందట. నొప్పి ఉండదు. చీకటి కూడా కనబడదు, లేనిచోట ఏదో ఉన్నట్టు బుర్ర తనే పూడ్చుకుంటుందట. బుర్ర కూడా నీలాంటిదే. మిగిలింది నిలబెట్టుకోవడానికి రోజూ చుక్కల మందు. పోయింది రాదు.

"పోయిన ఏడాది వచ్చి ఉంటే?" అని అడిగాను.

డాక్టరు కుర్రవాడు. కాగితాలు సర్దుకుంటూ, "అప్పుడు వచ్చి ఉంటే ఎడమకన్ను చాలావరకు ఉండేది" అన్నాడు. "ఎందుకు రాలేదు? తేడా తెలియలేదా?"

ఏం చెప్పను? బాగా గురి కొడుతున్నాననుకున్నానని చెప్పాను. నవ్వులాటకి అన్నాననుకుని నవ్వాడు.

నేను చచ్చిపోతానని భయపడ్డానని రాశావు. చావకుండా చూశావు, సరే. ఆరోజే "అన్నా, నీకు కనబడటం లేదు" అని మొహం మీద అని ఉంటే? కొట్టేవాణ్ణేమో. తుపాకీ నీ బల్ల మీద వదిలేసి పోయేవాణ్ణి. రెండు నెలలు నీ గడప తొక్కేవాణ్ణి కాదు. ఆ తర్వాత స్తంభానికి గుద్దుకున్నప్పుడు నీ మాట గుర్తొచ్చేది. షెడ్డులో నీ చెయ్యి నేను లాగినప్పుడు నీకు నొప్పి పుట్టింది, భుజం పట్టేసి వారం ఏడ్చావు. నీ మనసు నొచ్చుకుంటుందని నేను ఊరుకున్నానా?

తుపాకీ పార్సిల్‌లో పంపుతున్నాను. ఇత్తడి మూతి చేత్తో తడుముకుంటూ ఆకురాయితో రాకి సరిచేశాను. ఇప్పుడు గుండు పోతుంది. కొత్తగా వచ్చేవాళ్ళకి అద్దెకి ఇవ్వు. తగలకపోతే తగల్లేదని వాళ్ళకి చెప్పు. ఇంట్లో లేతు తుక్కుకి పోయింది, దాని చోట హరుయే వాళ్ళ ఎండిన తువాళ్ళ బుట్టలు పెట్టుకుంటోంది.

తోమెజి


యచిమత, చిబా
మార్చి

తోమెజి అన్నగారికి,

పార్సిల్ వచ్చిన మర్నాడే ఇగరాషి ఇంటికి వెళ్ళాను. తిరిగి రమ్మన్నాను. కుర్రాళ్ళందరినీ డేరాలో కూచోబెట్టి, నేను చెప్పింది తప్పని, ఈ మైదానంలో ఇంక ఎవరి కోసమూ అలా చెయ్యొద్దని చెప్పాను. బ్యాంకు గుమాస్తా ఏడ్చాడు. మెడ రుద్దుకున్నవాడు అప్పటినుంచి రావడం లేదు.

తర్వాత మీ తుపాకీని బల్లకి ఇనప బిగింపుతో కదలకుండా బిగించాం. అవతల, మీరెప్పుడూ కాల్చే దూరంలో, అన్నం పళ్ళెం నిలబెట్టాం. అన్నా, గుండ్లన్నీ ఒక్క చోటే పడ్డాయి. పళ్ళెం మధ్యలో, చిన్న గుమ్మడిపువ్వంత మేర దాటలేదు. నా మైదానంలో కొత్తది ఏదీ అలా కాల్చదు. ఆ రబ్బరు కోత ఎవరికీ రాదన్నారే, నిజం. ఇగరాషి చేతికిచ్చాను, అతనూ కాల్చాడు. తుపాకీ దించి, "ఈ తుపాకీకి ఏ లోపమూ లేదు, ఇంత మంచిది నేను పట్టుకోలేదు" అన్నాడు.

మీ చేతికి ఏమీ కాలేదు అన్నా. కొట్టలేకపోయినవి కళ్ళే. పని బాగుంది. మొదటినుంచీ బాగుంది. ఇది మీకు తెలియాలని రాస్తున్నాను. దాన్ని అద్దెకి ఇవ్వను, గోడకి పెట్టుకుంటాను. మీరెప్పుడు అడిగితే అప్పుడు తెచ్చిస్తాను.

రిత్సుకో కాయలు వేయించి ఇచ్చింది. ఈసారి మాడలేదు.

యసుహికో


యొత్సుగి, టోక్యో
మార్చి

యసూ,

నీ ఉత్తరం హరుయే చదివి వినిపించింది. రెండుసార్లు చదివించుకున్నాను.

తుపాకీ మంచిదని రాశావు. ఎప్పుడూ అదే అన్నావు. నిలబడి చెయ్యెత్తించి మరీ అన్నావు. ఇవాళ నిజంగానే గుండ్లన్నీ ఒక్క చోట పడ్డాయేమో. పడి ఉండొచ్చు. నేను వచ్చి పళ్ళెం చూద్దామంటే నాకు ఆ పళ్ళెం కనబడదు. ఇంక ఎవడి కళ్ళతో చూడను? ఉన్నది నువ్వొక్కడివే, నువ్వు బాగుందంటే బాగుందో, నా మొహం చూసి అంటున్నావో నాకెలా తెలుస్తుంది?

ఇగరాషి కూడా అన్నాడన్నావు. వాడి మాటైతే నమ్ముతాను. కానీ వాడు అన్నాడని రాసింది నువ్వు.

తోమెజి